పాత జపాన్ స్పోర్ట్స్ కారు: మియాటా, ఎస్2000, 240జెడ్, ఆర్ఎక్స్-7, సుప్రా, స్కైలైన్‌లలో ఏది ఎవరికి?

అమెరికాలో ఉద్యోగం కుదురుకుని, పిల్లల స్కూలు పరుగులకు ఇంట్లో ఒక కామ్రీయో హైలాండరో ఉన్నాక, కొందరికి పాత కోరిక ఒకటి మళ్లీ తలెత్తుతుంది. హాస్టల్లో కంప్యూటర్ గేముల్లో నడిపిన సుప్రా, స్కైలైన్, ఆర్ఎక్స్-7 నిజంగానే కొనుక్కుంటే ఎలా ఉంటుందని. "ఏది కొనమంటావన్నా?" అని నన్ను అడిగేవాళ్లు చాలావరకు హార్స్‌పవర్ లెక్కతో వస్తారు. నేను అడిగే మొదటి ప్రశ్న వేరు. మీ ఇంటికి గంట దూరంలో ఆ కారు బాగుచేయగల మెకానిక్ ఉన్నాడా? ఉంటే కొత్త కార్లు ఒప్పుకుంటున్నాడా?

ఎందుకంటే ఇంత పాత కారును మామూలు డీలర్ సర్వీస్ సెంటర్‌లో చాలాచోట్ల ముట్టుకోరు. వీటిలో చాలావరకు కంప్యూటర్ తగిలిస్తే కోడ్ చెప్పే కార్లు కావు. చెవితో విని, వాసన చూసి, చేత్తో తడిమి రోగం పట్టే మనిషి కావాలి. అలాంటి మనిషి దొరికిన కారే మీకు సరిపోయే కారు. ముందు మెకానిక్, ఆ తర్వాతే కారు.

రెండోది, కారు ఎక్కడ పెడతారు? టెక్సస్ సబర్బ్‌లలో చాలా హెచ్ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) డ్రైవ్‌వేలో కారు జాక్ మీద ఎత్తి ఉంచితే నోటీసు పంపుతాయి. గ్యారేజీలో ఒక స్థలం ఖాళీ చేయగలగాలి. అక్కడున్న ట్రెడ్‌మిల్, కాస్ట్‌కో డబ్బాలు ఎక్కడికి పోతాయో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. న్యూజెర్సీ, మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల ఉంటే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ కార్లకు విషం. నవంబర్ నుంచి మార్చి దాకా కారు బయటికి తీయలేరని ముందే లెక్క వేసుకోండి.

మూడోది సీట్లు. మియాటా, ఎస్2000, 240జెడ్, అమెరికాలో అమ్మిన మూడో తరం ఆర్ఎక్స్-7 అన్నీ రెండు సీట్లవే. సుప్రాకు వెనక సీటు ఉందంటే ఉంది, పెద్దవాళ్లు కూర్చోలేరు. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీముకు వెళ్లాలంటే ఈ జాబితాలో కాస్త పనికొచ్చేది స్కైలైన్ ఒక్కటే.

ఎక్కువమందికి నేను చెప్పేది: మియాటా

టాప్ తెరుచుకునే ఈ చిన్న కారును మాజ్దా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించింది. తొలి తరం, అంటే హెడ్‌లైట్లు పైకి లేచే ఎన్ఏ మోడల్, 1997 దాకా వచ్చింది. మొదట 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్లు, 128. ఈ అంకెలు చూసి నవ్వేవాళ్లుంటారు. మీ ఇంట్లో కామ్రీకే ఇంతకంటే ఎక్కువుంది కదా అంటారు. కానీ కారు బరువు ఒక టన్ను చుట్టుపక్కలే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, పొట్టి గేర్ రాడ్, వెనక చక్రాలకు పవర్. నలభై మైళ్ల వేగంలోనే నవ్వు తెప్పిస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మారుతీ 800 మీద గేర్లు నేర్చుకున్నవాళ్లకు క్లచ్ మళ్లీ అలవాటు కావడానికి పట్టే సమయమూ తక్కువే.

దీని అసలు బలం విడిభాగాలు. లక్షల్లో అమ్ముడుపోయిన కారు కాబట్టి కొత్తవి, పాతవి, బయటి కంపెనీలవి అన్నీ దొరుకుతాయి. టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు మార్చాలి. ఒకవేళ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలని ఇంజన్ కాబట్టి కారు ఆగిపోతుంది తప్ప ఇంజన్ పోదు. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ పైభాగంలో టిక్ టిక్ అంటే భయపడక్కర్లేదు. హైడ్రాలిక్ లిఫ్టర్ల శబ్దమది, చాలాసార్లు మంచి ఆయిల్ మారిస్తే తగ్గుతుంది.

చూసుకోవాల్సినవి రెండు. మొదటిది తుప్పు. టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక ఉన్న సన్నటి డ్రెయిన్ గొట్టాల గుండా కిందికి పోవాలి. అవి ఆకులతో పూడుకుపోతే నీళ్లు తలుపు కింది పట్టీ లోపల నిలిచి, లోపలి నుంచి తినేస్తాయి. వెనక చక్రానికి సరిగ్గా ముందున్న ఆ భాగాన్ని వేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా ఉన్నా, పెయింటు పొంగినా కథ పెద్దదే. రెండోది, 1990 కార్లు, 1991 తొలినాళ్ల కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగం పొట్టిది. పుల్లీ బిగువు వదులైతే క్రాంక్ అరిగి ఇంజన్ పని దాకా వస్తుంది. ముందున్న పుల్లీకి నాలుగు గాడులుంటే పొట్టిది, ఎనిమిదుంటే మెరుగుపరిచింది. అందరూ మెకానిక్‌లు కాకపోయినా ఈ గాడులు లెక్కపెట్టడం ఎవరైనా చేయొచ్చు.

లోపాలు కూడా చెప్పాలి. ఆరడుగులు దాటినవాళ్ల తల టాప్‌కి తగులుతుంది. హైవే మీద పక్కన ఎఫ్-150 పికప్ ట్రక్కు వస్తే దాని చక్రం మీ భుజం ఎత్తుంటుంది. అమెరికా మోడళ్లలో డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ మొదటి నుంచీ ఉంది గానీ పక్క సీటుకు వచ్చింది 1994లోనే. భార్యాభర్తలిద్దరూ తిరగాలనుకుంటే 1994 తర్వాతి 1.8 తీసుకోవడానికి అదొక్క కారణం చాలు.

ఇంకాస్త డబ్బుంటే: ఎస్2000

హోండా ఎస్2000 వచ్చింది 1999లో, ఆగింది 2009లో. తొలి కార్లలో 2.0 లీటర్ల ఇంజన్ టర్బో లేకుండా 240 హార్స్‌పవర్ ఇచ్చేది, 9,000 ఆర్‌పీఎం దగ్గర దాకా తిరిగేది. ఆరు వేల కింద మామూలు హోండా, ఆరు వేలు దాటాక వేరే జంతువు. ట్రాఫిక్‌లో నడపడానికి తీసుకుంటే "ఇంతేనా?" అనిపిస్తుంది. అమెరికాలో 2004 నుంచి 2.2 లీటర్ల ఇంజన్ పెట్టారు. రెడ్‌లైన్, అంటే ఇంజన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం, తగ్గింది, కింది వేగంలో పికప్ పెరిగింది, వెనక సస్పెన్షన్ కూడా మార్చారు. తొలి కార్లు తడి రోడ్డు మీద వెనక భాగం ఉన్నట్టుండి తిప్పేస్తాయన్న పేరు తెచ్చుకున్నాయి. ఆ పేరు ఊరికే రాలేదు. కారు అదుపు తప్పకుండా పట్టి ఉంచే స్టెబిలిటీ కంట్రోల్ 2006 మోడల్‌తో వచ్చింది.

నా లెక్క ఇది. వాన దేశమైన సియాటిల్‌లో ఉండి, ఇదే మీ మొదటి వెనక చక్రాల డ్రైవ్ కారైతే 2006 లేదా ఆ తర్వాతిది చూడండి. ఎండ ప్రాంతంలో ఉండి, ఆ 9,000 ఆర్‌పీఎం అరుపు కోసమే కొంటున్నట్టైతే 2003 లోపుది. టెస్ట్ డ్రైవ్‌లో రెండో గేరు వేసేటప్పుడు గరగరలాడితే, గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రో అరిగినట్టు. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ ముందు నుంచి గొలుసు కదిలే శబ్దం వస్తే టైమింగ్ చైన్ టెన్షనర్ మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. అసలు భయపడాల్సింది, పై గేరుకు బదులు పొరపాటున కింది గేరు వేసి ఇంజన్‌ను హద్దు దాటించిన కార్లను. ఆ దెబ్బ పైకి కనిపించదు. సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చెప్పే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించకుండా కొనొద్దు. ఇంకొకటి, ఈ కారు సీట్లన్నా, విడిగా తగిలించుకునే హార్డ్‌టాప్ అన్నా దొంగలకు చాలా ఇష్టం. అపార్ట్‌మెంట్ ఓపెన్ పార్కింగ్‌లో పెట్టేవాళ్లకు నేను ఎస్2000 చెప్పను.

పని మీద ప్రేమ ఉంటే: డాట్సన్ 240జెడ్

1969 అక్టోబర్‌లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చిన కారు, అమెరికాలో 1970 మోడల్‌గా నిస్సాన్ వాళ్ల డాట్సన్ బ్రాండు కింద 240జెడ్ అయింది. 3,526 డాలర్ల ధరకు ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఆ డబ్బుకు యూరప్ కంపెనీలు ఇవ్వలేనిది నిస్సాన్ ఇచ్చింది. అమెరికాలో ఈ కారుకు అండగా నిలబడిన యుటాకా కటయామాను అభిమానులు ఇప్పటికీ మిస్టర్ కె అనే పిలుస్తారు.

అందం విషయంలో ఈ జాబితాలో దీనికి పోటీ ఒక్క ఆర్ఎక్స్-7. ఇంజన్ కూడా మొండిది. ఎల్24 ఇంజన్‌ను ఇంటి గ్యారేజీలో ఒక మోస్తరు పనిముట్లతో విప్పి బిగించుకోవచ్చు. కార్బ్యురేటర్లు రెండు. 1973 మోడల్‌కు పొగ నిబంధనల కోసం పెట్టిన చదును మూతల కార్బ్యురేటర్లు వేడికి ఇబ్బంది పెట్టేవి. చాలామంది వాటిని తీసేసి పాత గుండ్రటివి పెట్టుకున్నారు. ఈ గొడవ వద్దనుకుంటే 1975 నుంచి 1978 దాకా వచ్చిన 280జెడ్ చూడండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, ధర తక్కువ, స్టార్టింగ్ తేలిక. బంపర్లు మాత్రం పెద్దవి, బరువూ పెరిగింది.

అయితే 240జెడ్ కొనడమంటే ఇంజన్ కొనడం కాదు, రేకు కొనడం. ఆ రోజుల్లో తుప్పు నుంచి రక్షణ చాలా తక్కువ. బ్యాటరీ కింద పళ్లెం, ఫ్లోర్, కింద పొడుగునా పోయే ఫ్రేమ్ రెయిల్స్, తలుపుల కింది పట్టీలు, వెనక చక్రం ముందున్న వంపు, డిక్కీ తలుపు చుట్టూ. ఇవన్నీ తినేసి, పైన పుట్టీ పెట్టి మెరిసే పెయింటు కొట్టిన కార్లు మార్కెట్లో ఎన్నో. ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పండి. అంటుకోని చోట కింద పుట్టీ ఉన్నట్టే. లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడకుండా ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దు. ఇండియాలో వీధి చివర టింకరింగ్ షాపులో రెండు రోజుల్లో అయ్యే పని ఇక్కడ గంటకు వందకు పైగా డాలర్ల మీద నెలలు నడుస్తుంది. పాడైన బాడీ, మంచి ఇంజన్ ఉన్న కారు కంటే మంచి బాడీ, స్టార్ట్ కాని ఇంజన్ ఉన్న కారే నాకు ఇష్టం.

2020 జనవరిలో ఒక 1971 మోడల్ 240జెడ్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అప్పటి నుంచి షెడ్డులో కుళ్లిపోతున్న ప్రతి జెడ్ యజమానీ తన దగ్గరున్నది బంగారమే అనుకుంటున్నాడు. ఆ కారు దాదాపు తాకనట్టుగా భద్రపరిచింది. మీరు చూడబోయేది అలాంటిది కాదు. బేరం ఆడండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఒక లాభం. అక్కడ 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ పరీక్ష, అంటే పొగ పరీక్ష, లేదు. అంటే 240జెడ్, 260జెడ్, 1975 మోడల్ 280జెడ్ తప్పించుకుంటాయి. 1976 నుంచి తప్పదు.

ఆర్ఎక్స్-7, సుప్రా

మాజ్దా మూడో తరం ఆర్ఎక్స్-7ను అమెరికాలో 1993 నుంచి 1995 మోడళ్ల దాకానే, సుమారు 14 వేల కార్లు అమ్మారు. పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లుండే 1.3 లీటర్ల రోటరీ ఇంజన్, ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే రెండు టర్బోలు, 255 హార్స్‌పవర్. నడిపినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. బాగుచేసినవాళ్లూ మర్చిపోరు. రోటర్ కొనల్లో ఉండే అపెక్స్ సీల్స్ పోతే ఇంజన్ దించాల్సిందే. ఆయిల్ తాగడం దీనికి రోగం కాదు, తయారీలోనే అలా పెట్టారు. ప్రతి ఒకటి రెండు ట్యాంకులకు డిప్‌స్టిక్ చూసే అలవాటు లేనివాళ్లకు ఇది పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పక్కకు జరిపి వెంటనే ఆపేస్తే పెట్రోలు నిండిపోయి మళ్లీ సెల్ఫ్ కొట్టినా లేవకపోవచ్చు. మామూలు కంప్రెషన్ గేజీతో దీన్ని కొలిస్తే ప్రయోజనం లేదు. రోటరీ కోసం ప్రత్యేకంగా చేసిన టెస్టర్‌తో రెండు రోటర్ల మూడేసి ముఖాల అంకెలూ విడివిడిగా చూడాలి, అవి దగ్గర దగ్గరగా ఉండాలి. దగ్గర్లో రోటరీ మాత్రమే చేసే షాపు లేకపోతే ఈ కారును ఫొటోల్లో చూసి ఆనందించడం మేలు.

టయోటా సుప్రా గురించి తక్కువే చెప్తాను. ఇనుప బ్లాకు ఉన్న 2జేజెడ్ ఇంజన్ గట్టిదే, అమెరికా టర్బో మోడల్ 320 హార్స్‌పవర్, ఆరు గేర్ల గెట్రాగ్ గేర్‌బాక్స్. అన్నీ నిజమే. కానీ 2021లో ఒక సినిమాలో వాడిన సుప్రా 5,50,000 డాలర్లకు పోయింది. మామూలు టర్బో మాన్యువల్ కార్లు కూడా లక్ష డాలర్ల చుట్టూ తిరుగుతున్నాయి. అంత పెట్టి కొన్నాక మైళ్లు పెరుగుతాయని బయటికి తీయరు. టర్బో లేని 220 హార్స్‌పవర్ మోడల్ నడపడానికి హాయిగా ఉంటుంది, కానీ దాని ధర కూడా సుప్రా పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఆ డబ్బుకు మంచి ఎస్2000, మియాటా రెండూ వచ్చి ఇంకా మిగులుతుంది. పెట్టుబడిగా కొంటానంటే అది వేరే సంగతి, నేను చెప్పగలిగింది కాదు.

స్కైలైన్ జీటీ-ఆర్: తెప్పించుకునేవాళ్లకు

స్కైలైన్‌లలో పై స్థాయి మోడలైన జీటీ-ఆర్‌ను, ఆర్32 తరంలో, నిస్సాన్ 1989 ఆగస్టు నుంచి 1994 దాకా అమ్మింది. అమెరికాకు అధికారికంగా ఎప్పుడూ రాలేదు. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు ఇక్కడి భద్రతా ప్రమాణాలు వర్తించవు కాబట్టి, 2014 ఆగస్టు నుంచి ఇవి చట్టబద్ధంగా దిగడం మొదలైంది. 25 ఏళ్ల లెక్క మోడల్ ఏడాది నుంచి కాదు, తయారైన నెల నుంచి. తర్వాతి తరాల్లో ఆర్34 జీటీ-ఆర్ 1999 జనవరిలో మొదలై 2002లో ఆగింది కాబట్టి చివరి కార్లకు 2027 దాకా ఆగాలి. "నెల అటూ ఇటూ అయినా పర్లేదు" అనే అమ్మకందారు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

2.6 లీటర్ల ఆర్‌బీ26 ఇంజన్, రెండు టర్బోలు. మామూలుగా వెనక చక్రాలకే పోయే పవర్, అవి జారగానే ముందు చక్రాలకు మళ్లుతుంది. కాగితం మీద 280 హార్స్‌పవర్. జపాన్ కంపెనీలన్నీ అంతకు మించి ప్రకటించకూడదని తమలో తాము ఒప్పుకున్న అంకె అది. తొలి ఏళ్ల ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ మీద ఆయిల్ పంపును తిప్పే భాగం సన్నగా ఉండేది, ఎక్కువ ఆర్‌పీఎంలో పంపు పగిలి ఇంజన్ పోయిన సంఘటనలున్నాయి. తర్వాతి వాటిలో నిస్సాన్ దాన్ని వెడల్పు చేసింది. కొనే ముందు ఈ పని జరిగిందా అని అడగండి.

స్టీరింగ్ కుడివైపు. మనవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు, ఎడమ చేత్తో గేరు వేయడం ఇండియాలో నేర్చుకున్నదే. రెండు వరుసల రోడ్డు మీద ముందున్న లారీని దాటాలంటే మాత్రం ఎదురుగా ఏం వస్తోందో కనిపించదు. డ్రైవ్-త్రూలో కాఫీ పక్క సీటు వాళ్లే అందుకోవాలి.

జపాన్ వేలంలో కొన్న కారుకు దాని పరిస్థితి రాసిన ఆక్షన్ షీట్ ఉంటుంది. అది లేకుండా దిగుమతి కారు కొనకండి. పైన గ్రేడు ఉంటుంది. 4 అంటే బాగున్నట్టు, ఆర్ అంటే ప్రమాదం జరిగి మరమ్మతు చేసినట్టు. కింద కారు బొమ్మ మీద అక్షరాలుంటాయి. 'ఏ' అక్షరం గీతకు గుర్తు, యూ సొట్ట, డబ్ల్యూ మరమ్మతు చేసిన గుర్తు, ఎస్ తుప్పు, సీ అంతకంటే ముదిరిన తుప్పు. పక్కన అంకె పెరిగే కొద్దీ తీవ్రత ఎక్కువ. కింది భాగంలో ఎస్, సీ కనిపిస్తే కారు మంచు ప్రాంతంలో తిరిగిందేమో అడగండి. జపాన్‌లోనూ ఉత్తరాన రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. జీటీ-ఆర్ ధర అందకపోతే జీటీఎస్-టి అనే వెనక చక్రాల స్కైలైన్ చూడొచ్చు. పేరు అంత లేదు గానీ సరదాలో చెప్పుకోదగ్గ లోటు లేదు.

కాలిఫోర్నియా వాళ్లు ఆర్32 ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది. ఫెడరల్ నిబంధన దాటినా రాష్ట్ర కాలుష్య ప్రమాణాలకు తగ్గట్టు మార్పించి, ల్యాబ్ పరీక్ష నెగ్గించడానికి వేల డాలర్లవుతాయి. పక్క రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి నడుపుతామనే తెలివితేటలు ఎక్కడో ఒకచోట దొరికిపోతాయి. టెక్సస్‌లో ఈ బాధ లేదు, 24 ఏళ్లు దాటిన కార్లకు పొగ పరీక్ష మినహాయింపు.

"వెనక్కి వెళ్లేటప్పుడు ఇండియాకు తీసుకెళ్లొచ్చా?" అని కూడా అడుగుతారు. మూడేళ్లు దాటిన వాడిన కారును అక్కడ మామూలు దారిలో దిగుమతి చేసుకోనివ్వరు. కాబట్టి ఇక్కడే కొని, ఇక్కడే అమ్మేసేలా లెక్క వేసుకోండి.

కొన్నాక

ఏ కారైనా సరే, కొనే డబ్బులో కనీసం ఐదో వంతు పక్కన పెట్టుకోండి. మొదటి ఏడాది గొట్టాలు, బెల్టులు, బుష్‌లు, బ్రేకులు, టైర్లు దాన్ని తినేస్తాయి. టైరు అంచున ఉండే చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2315 అంటే 2015లో 23వ వారం. ట్రెడ్ ఎంత నిండుగా ఉన్నా పదేళ్ల టైరుతో హైవే ఎక్కొద్దు. నెలకు ఒకటి రెండుసార్లే తీసేవాళ్లు బ్యాటరీ చార్జి దిగిపోకుండా చూసే చిన్న మెయింటెయినర్ తగిలించండి. కార్బ్యురేటర్ కార్లలో ఇథనాల్ కలిసిన పెట్రోలును నెలలు నెలలు నిలవ ఉంచొద్దు.

ఇన్సూరెన్స్ మామూలు కంపెనీ దగ్గర మామూలు పాలసీ తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు దాన్ని పాత కారుగానే లెక్కకట్టే ప్రమాదముంది. హ్యాగర్టీ లాంటి క్లాసిక్ కార్ల కంపెనీలు అగ్రీడ్ వాల్యూ పాలసీ ఇస్తాయి. ముందే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం, కారు పూర్తిగా పోతే అంతా ఇస్తారు. "స్టేటెడ్ వాల్యూ" అని రాసుంటే అది వేరు, ఆ మాట చూసి మోసపోకండి. బదులుగా వాళ్లు గ్యారేజీ ఉండాలంటారు, రోజూ ఆఫీసుకు ఈ కారులో వెళ్లకూడదంటారు.

స్కైలైన్ తీసుకునేవాళ్లకు ఇంకొక చిక్కు. జపాన్ కారుకు అమెరికా తరహా 17 అక్షరాల వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) ఉండదు. బీఎన్ఆర్32 అని మొదలై తర్వాత ఆరు అంకెలుంటాయి. రిజిస్ట్రేషన్ చేసే డీఎంవీ కౌంటర్లో, ఇన్సూరెన్స్ వెబ్‌సైటులో కంప్యూటర్ దాన్ని తీసుకోదు, ఫోన్ చేసి మనిషితో మాట్లాడాలి. టైటిల్ మీది నంబరు, ఇంజన్ గదిలో వెనక గోడ మీద చెక్కిన నంబరు, దిగుమతి కాగితాల్లోని నంబరు మూడూ ఒకటేనని చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లు సరేనన్నాకే డబ్బు పంపండి.